కుటుంబ కౌన్సెలింగ్ పనిచేసిందని తేల్చాలంటే, ముందు లెక్క ఎవరు రాస్తున్నారో చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కావలి నుంచి కొండాపురం, ఉదయగిరి దాకా, ఇటు సముద్రం ఒడ్డు పల్లెల్లోనూ మీ సంస్థ రెండేళ్లుగా ఇళ్లకు వెళ్తోంది. పిల్లల్ని చావబాదే ఇళ్లు, అసలు పట్టించుకోని ఇళ్లు. అమ్మానాన్నల్నీ పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టి ఆరు నెలల పాటు కౌన్సెలింగ్ చేస్తున్నారు. ఇప్పటికి 40 కుటుంబాలు. మొదట్లో ఒక ఫారం, చివర్లో ఒక ఫారం నింపితే 34 ఇళ్లు 'మెరుగుపడ్డాయి' అని వచ్చింది. డబ్బిచ్చేవాళ్లు మాత్రం ఇది రుజువు కాదు, సరిగ్గా పరీక్షించి చూపించండి అన్నారు. మనలాంటి చోట అది కుదిరే పనేనా, పాత 34 అంకెను ఏం చేయాలి అని మీ ప్రశ్న.

కుదురుతుంది. వాళ్లన్న మాట కూడా నిజమే, మనసు కష్టపెట్టుకోకండి. ఒంగోలు, నెల్లూరు మధ్య 22 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మీ 34 లాంటి అంకె ఒకప్పుడు నా దగ్గరా ఉండేది.

అప్పట్లో నేను పనిచేసిన సంస్థలో ఫారం పట్టుకెళ్లేదీ నేనే, కౌన్సెలింగ్ చేసేదీ నేనే. అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద కాపలా ఉండే ఒకాయన ఇల్లు. ఆరు నెలలు వారం వారం వెళ్లాను. వాళ్లు ఇచ్చిన మజ్జిగ తాగాను, ఆవిడ చీటీ గొడవలు విన్నాను. చివరి రోజు ఫారం తీసి "ఇప్పుడు పిల్లాణ్ణి కొడుతున్నారా?" అని అడిగితే ఆయన "మానేశా మేడం, ఒట్టు" అన్నాడు. టిక్ పెట్టాను. లేచి చెప్పులు వేసుకుంటుంటే, మూల నిలబడ్డ పదకొండేళ్ల పిల్లాడు చూరు వైపు ఒకసారి చూసి మళ్లీ నా వైపు చూశాడు. చూరులో ఇంజను బెల్టు ముక్క దోపి ఉంది. దాని పక్కనున్న కొడవలికీ, పాత గొడుగుకీ మసీ దుమ్మూ పట్టి ఉన్నాయి. బెల్టుకు పట్టలేదు. మరుసటి వారం మళ్లీ వెళ్లి పని మొదటి నుంచి మొదలుపెట్టాననుకోండి, కానీ రిపోర్టు అప్పటికే వెళ్లిపోయింది. ఆ రిపోర్టులో ఆ ఇల్లు ఇప్పటికీ మెరుగుపడిన ఇల్లే.

ఆయన నాకు అబద్ధం చెప్పాడని ఇప్పుడు నేను అనుకోను. ఆరు నెలలు తన ఇంటి మెట్టెక్కిన ఆడమనిషి మొహం చిన్నబుచ్చడం ఇష్టంలేక అలా అన్నాడు. మన వైపు మర్యాద అది. కాబట్టి కౌన్సెలింగ్ చేసే మనిషి లెక్క రాయకూడదు. లెక్క రాసే మనిషి వేరే ఉండాలి, ఏ ఇంటికి కౌన్సెలింగ్ నడుస్తోందో ఆ మనిషికి తెలియకుండా ఉంటే ఇంకా మంచిది. పల్లెలో అది ఎక్కువ రోజులు దాగదు, "మీ మేడం మొన్నే వచ్చి పోయింది" అని వాళ్లే చెప్పేస్తారు. అలా తెలిసిపోయిన తేదీని ఒక మూల రాసి పెట్టుకోమనండి, చాలు.

రెండోది, దేనితో పోల్చి మెరుగు అంటున్నాం? ఈ కుటుంబాలు మీ దగ్గరికి ఎప్పుడు వస్తాయి? పిల్లాడి వీపు మీద వాతలు చూసి టీచరు గొడవ చేసినప్పుడో, ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినప్పుడో. అంటే ఆ ఇంటి పరిస్థితి బాగా ముదిరిన రోజున మీ మొదటి ఫారం నిండుతుంది. జ్వరం ముదిరిన రోజు డాక్టరు దగ్గరికి పోతాం, మందు వేసుకోకపోయినా నాలుగు రోజులకు కొంత దిగుతుంది. మీ 34లో అలా దానంతట అదే దిగినవి ఎన్నో మీ ఫారం చెప్పలేదు.

మన తీరంలో ఇంకో చిక్కుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మగవాళ్లు ఇంట్లోనే ఉంటారు, చేతిలో డబ్బుండదు, బడి సెలవులు కూడా అప్పుడే కాబట్టి పిల్లలూ కాళ్లకు అడ్డం తిరుగుతుంటారు. పట్టపుపాలెం లాంటి జాలర్ల పల్లెలో మొదటి ఫారం మే నెలలో నింపి రెండోది నవంబరులో నింపితే, మీరు ఒక్క మాట మాట్లాడకపోయినా మెరుగు కనిపిస్తుంది. ఆ పేరు సముద్రానికి రావాలి, మీకు వస్తుంది.

అందుకే అదే కాలంలో, అలాంటివే ఇంకొన్ని ఇళ్లు పక్కన ఉండాలి. ఏ ఇల్లు ఎటు వెళ్లాలో మీరు ఎంచుకోకూడదు, చీటీలు తీయాలి. మనసున్న కార్యకర్త తెలియకుండానే మాట వినే కుటుంబాలను తన వైపు లాక్కుంటుంది. నేనూ లాక్కున్నాను. చీటీలంటే జనం ఒప్పుకోరేమో అని భయపడకండి. చీటీల పాట మీద బతికే ఊళ్లు మనవి. అందరి ముందూ చీటీ తీస్తే దాన్ని మించిన న్యాయం లేదంటారు. పోల్చే ఇళ్లకు ఏమీ ఇవ్వకుండా ఊరికే చూస్తూ కూర్చోవడం మాత్రం తప్పు. వాళ్లకు మామూలుగా అందేదంతా, అంటే బాలల సంరక్షణ విభాగం వాళ్ల సందర్శనలు, ఆసుపత్రి, బడి, అన్నీ అందాలి.

బయటి దేశాల్లో దీన్ని ఇలాగే చేశారు. అమెరికాలో దక్షిణ కరోలినాలో సింథియా స్వెన్సన్ బృందం 2010లో ప్రచురించిన పరీక్షలో 86 కుటుంబాలున్నాయి. పిల్లలు 10 నుంచి 17 ఏళ్లవాళ్లు, ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లు. కొందరికి ఇంటికే వచ్చి చేసే ముమ్మరమైన కుటుంబ థెరపీ, మిగతావాళ్లకు మామూలు క్లినిక్ సేవలనే కాస్త బలపరిచి ఇచ్చారు. 16 నెలలు వెంట ఉండి చూశారు. థెరపీ ఇళ్లలో పిల్లల మానసిక ఇబ్బందులు తగ్గాయి, తల్లిదండ్రుల టెన్షన్ తగ్గింది, పిల్లల్ని ఇంటి నుంచి వేరుచేయాల్సి రావడం తగ్గింది. మళ్లీ దెబ్బలు తిన్నారన్న కేసులు కూడా తక్కువే వచ్చాయి గానీ, ఆ తేడా యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పగలిగినంత లేదు. వాళ్లు ఆ సంగతి దాచకుండా రాశారు. మీ రిపోర్టులోనూ అలాంటి వాక్యం ఒకటి ఉండాల్సి వస్తే సిగ్గుపడకండి. ఇంకో సంగతి, ఆ పద్ధతిలో ఒక థెరపిస్టు ఒకసారికి నాలుగు కుటుంబాలకు మించి తీసుకోరు, రాత్రీ పగలూ ఫోన్ ఎత్తుతారు. మన దగ్గర ఒక్కో అమ్మాయి ముప్పై ఇళ్లు చూస్తుంది, స్కూటీ పెట్రోలు కూడా కొన్నిసార్లు సొంతంగానే. దాని పేరు పెట్టుకుని దీన్ని పరీక్షించకండి. మీరు నిజంగా చేసేది ఏదో దానికి మీ పేరే పెట్టి పరీక్షించండి.

నాకు బాగా నచ్చిన పరీక్ష మాత్రం 2004 నాటిది. మార్క్ చాఫిన్ అనే ఆయన 110 మంది తల్లిదండ్రులను మూడు గుంపులు చేశాడు. ఒక గుంపులో తల్లీ బిడ్డా ఆడుకుంటుంటే థెరపిస్టు అద్దం వెనక నుంచి చూస్తూ, తల్లి చెవిలోని పరికరంలో అప్పటికప్పుడు చెబుతుంటారు. 'ఇప్పుడు మెచ్చుకో, ఇప్పుడు ఆ పనిని పట్టించుకోకు' అని. రెండో గుంపుకు అదే, పైగా ఇంటి అవసరాన్ని బట్టి ఇంకొన్ని సేవలు కలిపారు. మూడో గుంపుకు మామూలు పేరెంటింగ్ తరగతులు. సగటున 850 రోజులు గడిచాక చూస్తే, మళ్లీ కొట్టారని ఫిర్యాదు వచ్చినవాళ్లు మామూలు తరగతుల్లో 49 శాతం, చెవిలో చెప్పిన గుంపులో 19 శాతం. అదనపు సేవలు కలిపిన గుంపు అంతకంటే బాగుండాలి కదా? 36 శాతం. మనం ప్రాజెక్టు రాసేటప్పుడు కౌన్సెలింగు, కుట్టు మిషన్లు, యోగా, పోషకాహారం అన్నీ ఒకే బుట్టలో వేస్తాం చూడండి, అప్పుడు ఈ అంకె గుర్తుకు తెచ్చుకోండి. ఉన్న ఒక్క పనీ పలచబడుతుంది.

ఫిర్యాదుల సంఖ్య ఒక్కటే నమ్ముకోవద్దు. మీరు వారం వారం వెళ్లే ఇంట్లో దెబ్బ పడితే మీకు తెలుస్తుంది, మీరు వెళ్లని ఇంట్లో పడితే గోడకు తెలుస్తుంది. అంటే మీరు బాగా పనిచేసిన వైపే ఫిర్యాదులు ఎక్కువ కనిపించవచ్చు. అందుకే రెండు వైపులా ఒకే మనిషి, ఒకే లెక్కన, ఒకే ప్రశ్నలు అడగాలి.

ఇక ప్రశ్నలు. నేను ఎక్కువ తిన్న ఎదురుదెబ్బలు ఇక్కడివే. "కొడతారా?" అంటే మన వైపు అందరూ లేదనే అంటారు. 'కొట్టడం' అంటే వాళ్ల లెక్కలో రక్తం కారడం. "కొట్టేదేముంది మేడం, ఎప్పుడన్నా ఒకటి తగిలిస్తా" అంటారు. తగిలించడం వేరు, ఒకటివ్వడం వేరు, వీపు విమానం మోత మోగించడం వేరు. తొడపాశం పెట్టడం, గోడకుర్చీ వేయించడం, కళ్లలో కారం కొడతానని బెదిరించడం, అట్లకాడ కాల్చి వాత పెట్టడం, రాత్రి బయటికి గెంటి తలుపేయడం. ఒక్కొక్క దానికీ దాని పేరే పెట్టి, "గడిచిన వారంలో ఎన్నిసార్లు" అని అడగాలి. ప్రపంచంలో ఎక్కువగా వాడే ప్రశ్నావళి ఒకటి 1998లో అమెరికాలో స్ట్రాస్ బృందం చేసింది. దాని తెలివి ఇదే. హింస అనే మాట వాడకుండా ఒక్కొక్క పనినీ విడిగా అడుగుతుంది, నచ్చజెప్పడం లాంటి మంచి పద్ధతులనూ మధ్య మధ్య కలిపి అడుగుతుంది. దాన్ని తెలుగు చేయించేటప్పుడు యూనివర్సిటీ తెలుగులోకి చేయించకండి. నేను చూసిన ఒక అనువాదంలో 'భౌతిక దండన' అని ఉంది. పొదిలి సంతలో ఆ మాట అడిగితే పోలీసుల గురించి అడుగుతున్నారనుకుంటారు.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి చేసిన అధ్యయనంలో మన రాష్ట్రం కూడా ఉంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లలో 88.6 శాతం మందిని కొట్టింది కన్నవాళ్లే. ఇలాంటి చోట 'అసలు కొట్టడం మానేశారా' అన్నది కొలమానంగా పెట్టుకుంటే అన్ని ఇళ్లూ ఫెయిలే. ఏ వస్తువుతో, ఎంత తరచుగా, గాయమైందా, కొట్టిన మనిషి తాగి ఉన్నాడా, ఇవి విడివిడిగా రాయండి. మార్పు వస్తే ముందు వీటిలోనే కనిపిస్తుంది.

పట్టించుకోకపోవడం అంతకంటే చిక్కు. తల్లి తెల్లవారుజామున నాలుగింటికి రొయ్యల కంపెనీ బండెక్కుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల తమ్ముడికి స్నానం చేయించి, రాత్రి అన్నంలో ఇంత పచ్చడి కలిపి పెట్టి, తను బడి ఎగ్గొడుతుంది. మీ ఫారంలో ఇది నిర్లక్ష్యం. నా ఫారంలోనూ అదే రాసేదాన్ని. కానీ ఆ తల్లికి కావాల్సింది థెరపీ కాదు, పొద్దున్నే పిల్లల్ని చూసే మనిషి. ఇలాంటి ఇళ్లను మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కు రాసి పంపండి, పరీక్షలోంచి పక్కన పెట్టండి. డబ్బు వస్తే తీరిపోయేది లేమి, వచ్చినా తీరనిది నిర్లక్ష్యం అని నేను ఒక మోటు లెక్క పెట్టుకున్నాను. అన్నిసార్లూ సరిపోదు గానీ పనికొస్తుంది. దక్షిణాఫ్రికాలో ఈస్టర్న్ కేప్‌లో 40 చోట్ల 552 కుటుంబాలతో చేసిన పరీక్ష (2018లో వచ్చింది) మన పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. చదువుకున్న థెరపిస్టులు కాకుండా ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి 14 వారాలు నడిపారు, రానివాళ్ల ఇంటికి వెళ్లి మరీ చెప్పారు. దెబ్బలు, తిట్లు తగ్గాయి. నిర్లక్ష్యంలో మాత్రం తేడా రాలేదు. మీ పరీక్షలో కూడా ఈ రెండింటినీ కలిపి ఒకే మార్కు వేయకండి.

తల్లి దెబ్బలు తింటున్న ఇల్లా కాదా అన్నది తప్పకుండా మొదటి రోజే రాసుకోవాలి, భర్త లేనప్పుడు అడిగి. అమెరికాలో ఎల్మైరా అనే ఊళ్లో గర్భిణుల ఇళ్లకు నర్సులను పంపి 15 ఏళ్లు వెంటపడి చూసిన పరీక్ష ఒకటుంది. పిల్లల మీద హింస బాగా తగ్గింది, కానీ తల్లి భర్త చేతిలో తరచూ దెబ్బలు తింటున్న ఇళ్లలో ఆ ఫలితం కనిపించకుండా పోయింది. మన జిల్లావాళ్లకు దీన్ని అమెరికా చెప్పనక్కర్లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లింది దేని గురించి? తాగొచ్చిన మనిషి ముందు భార్యను కొట్టి, అడ్డమొచ్చిన పిల్లాణ్ణి కొడతాడు. అలాంటి ఇంట్లో అందరినీ చాప మీద కూర్చోబెట్టి 'మనసు విప్పి మాట్లాడండి' అంటే, ఆ రాత్రి ఆమె విప్పిన మాటకు ఆమే దెబ్బలు తింటుంది. అక్కడ ముందు ఆమె భద్రత, అతని తాగుడుకు వైద్యం. నెల్లూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

లైంగిక హింస ఉన్న ఇల్లు ఈ పరీక్షలోకి రానే రాకూడదు. తెలిసిన వెంటనే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష మీకే. 'కుటుంబం పరువు' అని పెద్దమనుషులు వస్తారు. రానివ్వండి, వాళ్లకు కాఫీ ఇచ్చి పంపండి. దెబ్బల విషయంలోనూ ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే చీటీలో ఏం వచ్చిందన్నది వదిలేసి బాలల సంక్షేమ సమితికి వెళ్లడమే. ఏ పరిస్థితి వస్తే ఆపేస్తారో, ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో కాగితం మీద రాసి మొదటి కుటుంబాన్ని చేర్చుకోకముందే మెడికల్ కాలేజీ ఎథిక్స్ కమిటీకి ఇవ్వండి. పిల్లవాడికి కూడా ముందే చెప్పాలి: "నువ్వు చెప్పింది దాచి ఉంచుతాను, నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం దాచను." ఈ మాట ముందు చెప్పకుండా మాటలు రాబట్టి, తర్వాత ఫిర్యాదు చేస్తే ఆ పిల్లాడు జన్మలో మళ్లీ ఎవరితోనూ నోరు విప్పడు.

పిల్లల్ని ఎక్కడ అడగాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక్క గది ఇంట్లో ఏకాంతం ఎక్కడ? నేను బడి అయ్యాక, హెడ్‌మాస్టరు ఒప్పుకుంటే, ఆవరణలో వేపచెట్టు కింద అందరికీ కనబడేలా, ఎవరికీ వినబడకుండా కూర్చునేదాన్ని. చిన్నపిల్లలైతే మాటలకు బదులు చింతగింజలు ఇవ్వండి. "పోయిన వారం ఎన్ని రోజులు దెబ్బలు పడ్డాయో అన్ని గింజలు ఈ గిన్నెలో వెయ్యి" అంటే, నోటితో సున్నా అన్న పిల్ల నాలుగు గింజలు వేసింది ఒకసారి.

వలస గురించి కూడా చెప్పాలి. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు కుటుంబాలు బేల్దారి పనికి హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోతాయి. ఏడాది తర్వాత మీకు దొరికేది ఊళ్లో మిగిలినవాళ్లు, అంటే కాస్త కుదురుగా ఉన్నవాళ్లు. వాళ్లనే లెక్కేస్తే ఫలితం బ్రహ్మాండంగా ఉంటుంది, అబద్ధంగానూ ఉంటుంది. చీటీ తీసిన ప్రతి ఇల్లూ చివరి లెక్కలో ఉండాలి, మధ్యలో కౌన్సెలింగ్ మానేసిన ఇల్లు కూడా. మొదటి రోజే నాలుగు ఫోన్ నంబర్లు రాసుకోండి: ఇంటిది, మేనమామది, మేస్త్రీది, వీధి చివర చిల్లర కొట్టుది. ఏడాది లెక్కను సంక్రాంతికి పెట్టుకోండి. ఎక్కడున్నా ఆ మూడు రోజులు వస్తారు.

ఇక మీ 40 సంగతి. చెరి 20 ఇళ్లు అనుకుందాం. ఒక వైపు 10 ఇళ్లలో, ఇంకో వైపు 6 ఇళ్లలో మళ్లీ దెబ్బలు పడ్డాయనుకోండి. చూడ్డానికి పెద్ద తేడా. కానీ చీటీల అదృష్టం వల్లే అంత తేడా సులభంగా వచ్చేస్తుంది. 50 శాతం, 30 శాతం మధ్య తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో వైపు 90కి పైగా కుటుంబాలు కావాలి. అంతమంది మీకు రెండేళ్లలో రారు. కాబట్టి మీకు నేను చెప్పేది వేరే దారి. ఎవరినీ రెండుగా విడగొట్టకండి. రాబోయే 24 కుటుంబాలను ఆరేసి చొప్పున నాలుగు జట్లు చేసి, ఏ జట్టుకు ఏ నెలలో కౌన్సెలింగ్ మొదలవుతుందో చీటీ తీయండి. ఆగలేని ఇల్లు ఉంటే దాన్ని చీటీల్లో వేయకుండా వెంటనే చూడండి. మిగతా అందరికీ మొదటి వారం నుంచే వారానికో ఫోన్, ప్రతిసారీ అవే ప్రశ్నలు. పిల్లల దగ్గరికి మనిషే వెళ్లాలి, ఫోన్‌లో పక్కన ఎవరున్నారో తెలియదు. మొదలుపెట్టిన నెల వేరైనా, మొదలుపెట్టిన తర్వాతే ప్రతి జట్టులోనూ లెక్క దిగితే, అది వేట నిషేధం వల్లనో పండగ వల్లనో దిగిందని ఎవరూ అనలేరు. పని మొదలుపెట్టే ముందే ఏం లెక్కిస్తారో భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయండి, డబ్బు కట్టక్కర్లేదు. తర్వాత నచ్చిన అంకె ఏరుకున్నారనే మాట రాదు.

పాత 34 అంకెను ఏం చేయాలని అడిగారు. డోనర్‌కు అది 'కుటుంబాలు మాకు చెప్పిన మాట' అనే పేరుతోనే పంపండి. దాంతో పాటు కొత్త బడ్జెట్లో ఫోన్లు చేసే మనిషికి ఏడాది జీతం విడిగా రాయండి. మా దగ్గర రిటైరైన ఒక ఏఎన్ఎమ్ అక్క చేసేది. రాత్రి ఏడున్నరకు, అన్నాలు వండే వేళ, మొదట కూరేమిటని అడిగి తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టేది. ఆవిడకు ఏ ఇంట్లో కౌన్సెలింగ్ నడుస్తోందో తెలిసేది కాదు, మేమూ చెప్పలేదు. ఆ జీతాన్ని కార్యకర్తల ఖాతాలో కలిపి రాస్తే మొదటి కోత దాని మీదే పడుతుంది, అందుకే విడిగా రాయమంటున్నాను.